గడపకు పూయని జాజు

"అన్నా, నెత్తురు ఆగిందా?"

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ మనిషి పేరు చెప్పలేదు, పని చెప్పలేదు. ముందు ఆ మాట అడిగింది. లక్ష్మణ్ తడబడి గడ్డం తడుముకున్నాడు. పొద్దున గీసుకుంటుంటే బ్లేడు తగిలిన చోట చిన్న దూది అంటించుకుని ఆ సంగతే మరిచిపోయాడు.

"ఎప్పుడో ఆగిందమ్మా. గింతంత గాటు. ఏమాయె?"

"మా మామకు ఆగలేదన్నా," అంటూ ఆమె కుర్చీలో కూలబడింది.

రెజిమెంటల్ బజార్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం పైన ఉంటుంది ఝాన్సీలక్ష్మి ఆఫీసు. ఆమెది కాకినాడ. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చింది, భర్త పోయాక ఈ పరిశోధన పని పెట్టుకుంది. ఒకప్పుడు ఆటో నడిపే లక్ష్మణ్ ఏదో కేసులో ఆమెను ఊరంతా తిప్పాడు. ఆమె బుర్ర నడిచే తీరు చూసి, ఆటో తమ్ముడికి అప్పజెప్పి ఇక్కడే ఉండిపోయాడు.

ఝాన్సీలక్ష్మి వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ వింటుంది. ఎంత పెద్ద సంగతి చెప్పినా తలెత్తదు. కాయ ఒలవడం ఆపిందంటే మాత్రం ఏదో దొరికిందన్నమాట.

"నిదానంగా చెప్పమ్మా. నీ పేరేంటి?"

"సృజన. మా మామ పర్వతాలు. సైకిల్ షాపు పర్వతాలు అంటే ఈ బజార్ల అందరికి తెలుసు. గుండెల కవాటం చెడిపోతే ఆపరేషన్ చేసి ఇనుప కవాటం పెట్టిండ్రు. దాని మీద నెత్తురు గడ్డ కట్టొద్దని రోజు ఒక గోలీ ఎయ్యాలె. ఆ గోలీ నేనే ఇస్త. వానలు షురూ అయిన కాడికెల్లి మామకు ముక్కుల కెల్లి నెత్తురు, చేతుల మీద నల్ల మచ్చలు. మొన్న గడ్డం గీసుకుంటే గాటు పడ్డది. తువ్వాల తడిసింది గని ఆగలే. దవాఖానకు తీస్కపోయినం. నెత్తురు నీళ్లోలె అయ్యింది, గోలీలు ఎక్కువ పడ్డయన్నరు."

"ఎక్కువ ఇచ్చావా?"

"లేదు మేడం. మా పిల్లల మీద ఒట్టు."

"మరి నీ మీద అనుమానం ఎందుకొచ్చింది?"

సృజన కొంగు వేలికి చుట్టుకుంది. "నా మిషన్ డబ్బాల, దారపు ఉండల కింద, అవే గోలీల షీటు దొరికింది. మా ఆయన చూసిండు. నాయినకు రెండేసి మందు పెడ్తున్నవా అన్నడు. ఇంట్ల అడుగు పెట్టొద్దన్నడు. రేపు మామను ఇంటికి పంపుతరు. ఆయనను ఇంట్ల దించి, సీదా పోలీస్ స్టేషన్‌కు పోతడంట."

"ఆ షీటు ఎందుకు దాచావు?"

సృజన తల దించుకుని కొంగును ఇంకో చుట్టు బిగించింది.

"చూడమ్మా, డిటెక్టివ్ దగ్గరికొచ్చి సగం చెప్తే ఎలా?"

"గది ఒక్కటి అడగకుండ్రి మేడం. నా సంగతి సుత పక్కకు పెట్టుండ్రి. మామ రేపు మళ్ల అదే ఇంటికొస్తడు. ఎట్ల జరిగిందో తెల్వకపోతే మళ్ల జరుగుతది. ఈసారి మనిషి దక్కడు."

ఝాన్సీలక్ష్మి చేతిలో కాయ ఆగింది. తన మెడకు ఉరి బిగుస్తుంటే మామ గురించి భయపడే కోడలు, ఒక్క మాటతో తప్పించుకునే వీలుండి కూడా నోరు విప్పడం లేదు. లక్ష్మణ్‌కు మాత్రం ఆ షీటు సంగతి మింగుడు పడలేదు.

"మేడం, ఈ అమ్మనే చేసిందేమో," అన్నాడు ఆమె వెళ్లాక.

"చేసినవాళ్లు ఎలా జరిగిందో కనుక్కోమని మనకి డబ్బిస్తారా లక్ష్మణ్? పద, ముందు పెద్దాయన్ని చూద్దాం."

*

పర్వతాలు ఆసుపత్రి మంచం మీద ఉన్నా సైకిల్ షాపులో కూర్చున్నట్టే ఉన్నాడు. చేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు. సూది గుచ్చిన ప్రతిచోటా గట్టి కట్టు.

"డిటెక్టివులా? మంచిది. ముందుగల్ల ఈ చప్పుడు వినుండ్రి," అంటూ లక్ష్మణ్ తలను ఛాతీ మీదికి వంచుకున్నాడు.

టిక్. టిక్. టిక్. చొక్కా లోపల గడియారం పెట్టుకున్నట్టు. లక్ష్మణ్ చెవి ఆనించే ఉంచాడు. ఒక ఇనుప రెక్క తెరుచుకుంటూ మూసుకుంటూ మనిషిని నిలబెడుతోంది. దాని అంచున ఒక చిన్న గడ్డ కడితే ఆ చప్పుడు ఆగుతుంది. కట్టకుండా మందు ఎక్కువైతే ఎక్కడో నరం కారుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి గీత మీద ఈయన రోజూ సైకిల్ తొక్కుతున్నాడన్నమాట.

"మీ కోడలు మీకు మందు పెట్టిందంటున్నారు," అంది ఝాన్సీలక్ష్మి.

"ఎవడన్నడు? భానుగాడా? వానికి కోపమొస్తే కండ్లు కనబడయి. సృజన గోలీ ఇచ్చినప్పుడు నా నోట్లె పడ్డదా లేదా అని నాలిక సుత చూస్తది. అసొంటి పిల్ల."

"ఇక్కడ తిండి ఎలా ఉందండీ?"

"ఏం తిండమ్మా, ఉప్పు లేదు కారం లేదు. నాకు తెల్లారంగనే తైదంబలి పడాలె. మా ముసల్ది చేసిస్తది. ఈ మధ్యల మెంతులు కలుపుతున్నట్టుంది, జెర చేదుంటది. అయినా గదే నయం."

"ఆ రాగి అంబలి ఇంట్లో ఇంకెవరు తాగుతారు?"

"ఎవ్వరు తాగరు. పిల్లలకు బిస్కెట్లు కావాలె, భానుగానికి చాయ్ కావాలె."

*

ఇంట్లో భానుప్రకాశ్ పళ్లు కొరుకుతూ మాట్లాడాడు. చదువుకున్నవాడు, బేగంపేటలో ఉద్యోగం, రోజూ మెట్రోలో వెళ్లివస్తాడు. మందుల గురించి అడిగితే భార్య మీదికే తిప్పాడు.

"ఇంట్ల మందులు ఇచ్చేది ఆమె ఒక్కతే. షీటు దాచింది ఆమెనే. ఇంకేం కావాలె మీకు?"

"వానలు మొదలయ్యాక మీ నాన్నగారు కొన్నాళ్లయినా బాగున్నారా?"

భానుప్రకాశ్ ఆలోచించాడు. "ఉన్నడు. నేరేడ్‌మెట్‌ల మా చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అయితే అమ్మ ఆడికి పోయింది. అప్పుడు నాయిన మంచిగనే ఉండె. రక్త పరీక్ష సుత బాగొచ్చింది. అమ్మ వచ్చినంక మళ్ల తక్లీఫ్ షురూ అయింది. అమ్మ లేనప్పుడు సృజనకు పని ఎక్కువ ఉండె, మందు పెట్టే తీరిక లేకుండె."

ఝాన్సీలక్ష్మి వంటింట్లోకి వెళ్లింది.

పర్వతాలు భార్య విమలమ్మ స్టవ్ తుడుస్తోంది. పొట్టి మనిషి, పెద్ద బొట్టు. ఆమె కోపం కోడలి మీద కాదు, గోలీ మీద. "అది ఎలుకల మందమ్మా! మా చెల్లె కొడుకు ఫోన్ల చూసి చదివిండు. ఎలుకలకు పెట్టేది మా ఆయనకు పెడ్తరా? నెత్తురు కారి ఎలుక ఎట్ల చస్తదో గట్లనే అవుతుండు."

గూట్లో విమలమ్మ ఎముకలకు వేసుకునే గోలీల సీసా, పక్కనే ఇత్తడి భరిణె ఉన్నాయి. పర్వతాలు గోలీలను షీటులోంచి తీసి ఆ భరిణెలో పోసుకోవడం ఆ ఇంటి అలవాటు. ఝాన్సీలక్ష్మి ఒకటి తీసి కిటికీ వెలుగులో తిప్పి చూసి, లక్ష్మణ్‌కు చూపించింది. తెల్లటి గోలీ. నున్నగా ఉంది. సృజన మిషన్ డబ్బాలో దొరికిన షీటును భానుప్రకాశ్ సాక్ష్యంగా దాచిపెట్టి, అడిగితే తెచ్చి చూపించాడు. అందులో గోలీలకు నడుమ విరవడానికి గీత ఉంది.

పెరట్లో తీగ మీద పలచటి గుడ్డ ఆరుతోంది. నడిమధ్య ఇటుకరంగు మరక.

"ఇదేంటండీ విమలమ్మ గారూ?"

"గదా? జాజు. గడపకు పూసి చెయ్యి తుడిచిన."

ఝాన్సీలక్ష్మి తలూపింది. చెయ్యి తడిగా ఉందంటూ ఆ గుడ్డతో తుడుచుకుని, మాటల్లో మాటగా సంచిలో వేసుకుంది. బయటికి వచ్చేటప్పుడు వంగి గడపను చూసింది. ఎర్రమట్టి పూత ఎప్పటిదో, పెచ్చులు లేచిపోయి ఉంది. ముగ్గుచుక్కలు కూడా అరిగిపోయాయి.

*

ఎదురింట్లో మేబెల్ ఉంటుంది. ఆమె భర్త తాత కాలంలో వాళ్లు చైనా నుంచి కలకత్తా, కలకత్తా నుంచి సికింద్రాబాద్ వచ్చి బూట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నారట. భర్త పోయాడు, దుకాణం పోయింది. గోడకు చిన్న చిన్న సొరుగుల చెక్క బీరువా మాత్రం మిగిలింది. గదిలో అడుగు పెట్టగానే మట్టివాసన, ఎండువేళ్ల వాసన.

"విమలా నా ఫ్రెండ్ బాబా. పొద్దుగాల ముచ్చట పెడ్తం ఇద్దరం," అంది మేబెల్. "కానీ పర్వతాలు హాస్పిటల్ పోయినంక నేను ఆ ఇంటికి పోలే."

"ఎందుకండీ?"

"మొహం చెల్లలే." ఆమె కళ్లు బీరువా వైపు పోయి తిరిగొచ్చాయి. "నేను ఆమెకు సాఫ్ చెప్పిన. మంచిగ చెప్పిన. రెండు కలపొద్దని..." ఎంత అడిగినా సిలువ గుర్తు వేసుకుని కూర్చుంది.

వీధిలోకి వచ్చాక లక్ష్మణ్ ఉండబట్టలేకపోయాడు. "మేడం, ఈ ముసలామెను జెర గట్టిగ అడిగితే చెప్తది."

"ఆవిడ చెప్పాల్సింది చెప్పేసింది లక్ష్మణ్. మన చేతిలో గుడ్డ ఉందిగా, మిగతాది అది చెప్తుంది."

*

బేగంపేటలోని ఒక చిన్న పరిశోధనశాలలో విశ్వతేజ మూలికల రసాల మీద పనిచేస్తాడు. గుడ్డ మరకను ఏదో ద్రవంలో నానబెట్టి, యంత్రానికి అప్పజెప్పి, వాళ్లను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచాడు.

"అది తేలేలోపు ఒకటి చూపిస్తానండీ. లక్ష్మణ్ గారూ, వేలివ్వండి."

సూదిమొన తగిలింది. చుక్క గాజుపలక మీద పడింది. లక్ష్మణ్ ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుండ్రటి బిళ్లలు, లెక్కలేనన్ని, ఒకదాని మీద ఒకటి జారుతూ కనిపించాయి. వాటి సందుల్లో సన్నటి నలుసులు. చూస్తుండగానే ఆ నలుసులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గుంపు కట్టాయి. ఆ గుంపు చుట్టూ ఎక్కడి నుంచో సాలీడు నేసినట్టు దారాలు పుట్టాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. వల అల్లుకుంది, బిళ్లలు అందులో చిక్కి ఆగిపోయాయి.

లక్ష్మణ్ తల ఎత్తలేదు. పొద్దున దూది కింద తన గడ్డం మీద జరిగింది ఇదా? ఇన్నేళ్లు బతికాడు, ఎన్నో దెబ్బలు తిన్నాడు. ప్రతిసారీ తనకు తెలియకుండా ఇంత పని జరిగిందా?

"ఇప్పుడిది చూడండి," అని విశ్వతేజ ఇంకో పలక పెట్టాడు. "ఇదీ మీ రక్తమే. ఒక వేరు రసం కలిపాను."

ఈసారి నలుసులు పక్కపక్కనే పోతున్నాయి, పట్టుకోవడం లేదు. సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మీద ఒకరికొకరు తెలియని జనంలా దాటిపోతున్నాయి. చాలాసేపటికి గానీ ఒక పలచటి దారం పుట్టలేదు.

విశ్వతేజ ఒక సీసా తెరిచి ఎండిన వేరు ముక్కలు అరచేతిలో పోశాడు. పైన ఇటుక ఎరుపు, లోపల మట్టిరంగు. "చైనావాళ్లు దీన్ని డాన్‌షెన్ అంటారు. రక్తం నిలిచిపోయిన చోట కదిలిస్తుందని వందల ఏళ్లుగా వాడుతున్నారు. ఇందులో ఉన్న రకరకాల పదార్థాలు ఆ నలుసుల్ని అతుక్కోనివ్వవనీ, దారాల్ని వదులు చేస్తాయనీ పరిశోధనశాలల్లో కనపడుతోంది. అయితే గాజు మీద జరిగినంతా మనిషి ఒంట్లో జరుగుతుందని చెప్పలేం. ఇంకా తేలాల్సింది చాలా ఉంది."

"ఊరికే తాగితే?" అడిగింది ఝాన్సీలక్ష్మి.

"ఊరికే తాగడం వేరు. రక్తం పలచబరిచే గోలీ వేసుకునేవాళ్లు తాగితే మాత్రం ప్రమాదం. ఆ గోలీని కాలేయం ఎప్పటికప్పుడు విరగ్గొట్టి బయటికి పంపాలి. ఈ వేరు ఆ పనికి అడ్డం పడుతుందంటారు. అప్పుడు నిన్నటి గోలీ పోవలసినంత పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. ఇచ్చింది ఒక్కటే, పనిచేసేది మాత్రం ఎక్కువ. దానికి తోడు వేరు తన పని తాను చేస్తుంది."

యంత్రం ఆగింది. విశ్వతేజ కాగితం చూసి, గుడ్డ చూసి, సీసా చూశాడు.

"ఇదేనండీ. జాజు కాదు."

*

మర్నాడు సాయంత్రం పర్వతాలును ఇంటికి తెచ్చారు. ఝాన్సీలక్ష్మి అడిగిందని అందరూ ముందుగదిలో చేరారు. సృజన గుమ్మం బయటే నిలబడింది. మేబెల్ మూలన కూర్చుని చేతిరుమాలు నలుపుతోంది. భానుప్రకాశ్ బైకు తాళాలు చేతిలోనే పెట్టుకున్నాడు.

"జెల్ది కానియ్యుండ్రి మేడం. నేను స్టేషన్‌కు పోవాలె."

"వెళ్దురుగాని. ఎవరి మీద రాసివ్వాలో తెలిశాక వెళ్లండి."

విమలమ్మ స్టీలు గ్లాసు పట్టుకొచ్చింది. "దవాఖానల నోరు చచ్చిపోయింటది. జెర అంబలి తాగయ్యా," అని భర్త చేతికి ఇచ్చింది. పర్వతాలు ముఖం వెలిగింది. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది.

"లక్ష్మణ్!"

లక్ష్మణ్ ఒక్క అంగలో వెళ్లి గ్లాసు పట్టుకున్నాడు. అంబలి అతని చొక్కా మీద ఒలికింది. గదిలో పర్వతాలు గుండె చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఇదేం దౌర్జన్యం?" అని లేచాడు భానుప్రకాశ్.

"కూర్చోండి. మీ నాన్నగారి రక్తాన్ని నీళ్లు చేసింది ఈ గ్లాసు." ఝాన్సీలక్ష్మి గొంతు పెంచలేదు. "అంబలి ఆయనొక్కరే తాగుతారు. విమలమ్మ గారు నేరేడ్‌మెట్‌లో ఉన్నన్నాళ్లు అంబలి లేదు, ఆయన బాగున్నారు. ఆవిడ తిరిగొచ్చారు, చేదు అంబలి వచ్చింది, రక్తం కారింది. గుడ్డకు మరకుంది. జాజు అన్నారు. గడపకు జాజు పూసి ఎన్నాళ్లయిందో బయటికెళ్లి చూడండి. ఆ గుడ్డతో వడకట్టింది చైనా ఎర్రవేరు కషాయం. తైదల రంగులో ఆ రంగు కలిసిపోయింది."

భానుప్రకాశ్ తల్లి వైపు తిరిగాడు.

విమలమ్మ గోడకు ఆనుకుంది. "నేను ఆయనను సంపుతనా? ఆయనను నేను సంపుతనా బిడ్డా?"

"లేదండీ. బతికించాలనుకున్నారు," అంది ఝాన్సీలక్ష్మి. "మేబెల్ గారూ, మీరేం చెప్పారో ఇప్పుడు పూర్తిగా చెప్పండి."

మేబెల్ ఏడుస్తూ లేచింది. "మా అత్త ఇచ్చేది ఆ రూట్, బ్లడ్‌కు మంచిదని. విమలా రోజు ఏడుస్తుండె, ఎలుకల మందు పెడ్తున్నరని. నేనే ఇచ్చిన. కానీ చెప్పిన బాబా, ఇదీ ఆ టాబ్లెట్ రెండు కలిపి ఇయ్యొద్దని."

"ఆ మాట విమలమ్మ గారు చెవిన పెట్టారు. గట్టిగానే పెట్టారు. అందుకే భరిణెలో గోలీలు తీసేసి, తాను ఎముకలకు వేసుకునే తెల్లగోలీలు పోశారు. నున్నటివి, నడుమ గీత లేనివి. ఇక ఆయన ఒంట్లోకి ఎలుకల మందు పోవడం లేదని ధైర్యంగా వేరు ఉడికించారు. అవునా?"

విమలమ్మ తలూపింది. "గోలీ పోతలేదనే అనుకున్న. వేరు ఒక్కటే పోతుందనుకున్న."

"కానీ గోలీ పోయింది." ఝాన్సీలక్ష్మి గుమ్మం వైపు చూసింది. "ఎందుకంటే మామగారి నాలుక చూసే కోడలు గోలీ చూడదా? గీత లేదని మొదటి రోజే కనిపెట్టింది. ఎవరు మార్చారో తెలుసు. చెబితే ఇంట్లో గొడవ, కొడుకు తల్లి మీద అరుస్తాడు. అందుకని నోరు మూసుకుని కొత్త షీటు కొనుక్కొచ్చింది, మిషన్ డబ్బాలో దాచింది, భరిణెలోంచి తీసినట్టే తీసి అసలు గోలీ ఇచ్చింది. అంబలిలో ఏముందో మాత్రం ఆ అమ్మాయికి తెలియదు. తెల్లారి అత్తగారు వేరిచ్చారు. రాత్రి కోడలు గోలీ ఇచ్చింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మనిషిని కాపాడారు. ఆయన రక్తం కారిపోయింది అందుకే."

ఝాన్సీలక్ష్మి లక్ష్మణ్ చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇంకో మాట కూడా వినండి విమలమ్మ గారూ. మీ కోడలు ఆ గోలీ మానేసి ఉంటే ఆ ఇనుప కవాటం మీద గడ్డ కట్టేది. మీ వేరు దాన్ని ఆపుతుందన్న భరోసా ఇవాళ ఏ డాక్టరూ ఇవ్వలేడు. ఇక ఎలుకల మందంటారా? నిజమే, ఎలుకలకూ అదే జాతి మందు. కానీ అది పుట్టింది ఎక్కడో తెలుసా? ఎక్కడో చలిదేశంలో బూజు పట్టిన గడ్డి మేసి పశువులకు రక్తం ఆగలేదు. ఎందుకని వెతికితే గడ్డిలో దొరికింది దాని మూలం. మీ వేరూ మొక్కే. ఆ గోలీకి మూలమూ మొక్కే. రెంటికీ రక్తంతో మాట్లాడటం వచ్చు. రెండూ ఒకేసారి మాట్లాడితే రక్తానికి ఏం చేయాలో తెలియలేదు."

లక్ష్మణ్‌కు గాజుపలక మీది జనం గుర్తొచ్చారు. మట్టిలో పుట్టిన వేరు ఒకటి, మనిషి లోపలి ఆ చీకట్లో దారాలు అల్లే చోటు ఎలా కనుక్కుంటుంది? దానికి దారి ఎవరు చెప్పారు? మేడంను అడగాలనుకున్నాడు గానీ, ఆమె ముఖంలోనూ అదే ప్రశ్న కనిపించి ఊరుకున్నాడు.

భానుప్రకాశ్ తాళాలు బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి భార్య ముందు నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే అత్తమ్మను ఏమంటుంటివి?" అంది సృజన. "నన్నన్న మాటలే ఆమెను అందువు గదా."

అతను తల దించుకున్నాడు. ఆమె అతన్ని దాటి లోపలికి వచ్చింది. అత్త ముందు నిలబడింది. విమలమ్మ కోడలి చేతులు పట్టుకోబోయి, తన చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది. సృజనే వాటిని పట్టుకుంది.

"పోలీసులను పిలుస్తవా భానూ?" అన్నాడు పర్వతాలు మంచం మీద నుంచి. "పిలిస్తే నన్ను పట్టియ్యి. చేదుగున్నా అడగకుంట తాగినోణ్ణి నేనే."

*

కొన్ని వారాల తర్వాత ఆదివారం పొద్దున వాళ్లు ఝాన్సీలక్ష్మినీ లక్ష్మణ్‌నూ టిఫినుకు పిలిచారు. గడపకు కొత్త జాజు పూసి ఉంది. డాక్టరు గోలీ మోతాదు సరిచేశాడు. భరిణె పోయింది, షీటు గూట్లో అందరికీ కనపడేలా ఉంది. ఎవరు ఏం తెచ్చినా, అది మేబెల్ బీరువాలోదైనా బజారులోదైనా, ముందు డాక్టరుకు చెప్పాలని ఒప్పందం. గోలీ ఇప్పుడు విమలమ్మ ఇస్తోంది, అంబలి సృజన కాస్తోంది. ఆ మార్పు ఎవరు పెట్టారో ఝాన్సీలక్ష్మి అడగలేదు.

పర్వతాలు పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మాటల్లో పడి చెయ్యి జారింది. గడ్డం మీద ఎర్రటి చుక్క.

విమలమ్మ గరిటె ఆగింది. సృజన గిన్నె దించేసింది. భానుప్రకాశ్ ఫోను పక్కన పెట్టాడు. ఎదురింటి నుంచి పూలతో వస్తున్న మేబెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. చుక్క పెరిగింది. జారబోయింది. లక్ష్మణ్ ముందుకు వంగి చూస్తున్నాడు. ఆ చుక్క లోపల నలుసులు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయని, దారాలు పుడుతున్నాయని అతనికి తెలుసు.

పర్వతాలు తువ్వాల అదిమి పట్టాడు. అందరినీ చూసి విసుక్కున్నాడు. "ఏందయ్యా, అందరు సినిమా చూసినట్టు చూస్తుండ్రు?"

కాసేపటికి విమలమ్మ దగ్గరికి వెళ్లి, ఆయన చెయ్యి తప్పించి, తువ్వాల మెల్లగా తీసి చూసింది.

"ఆగింది," అంది.

ఆ నిశ్శబ్దంలో ఆయన ఛాతీలోంచి గడియారం చప్పుడు పెరడంతా వినిపించింది.